గెలాక్సీని ఖాళీ చేసే గాలి

ఏప్రిల్ చివరి వారంలో రాత్రి పది కావస్తుండగా కడపలో మిద్దె ఎక్కి వెల్లకిలా పడుకుంటే, సరిగ్గా నడినెత్తిన ఒక తెల్లటి చుక్క కనిపిస్తుంది. అదే ఉత్తర ఫల్గుణి, సింహరాశి తోక కొసన ఉండే నక్షత్రం. సేద్యం చేసేవాళ్లకు ఉత్తర కార్తెగా ఈ పేరు పాతదే. అయితే ఆ కార్తెలో సూర్యుడే ఆ చుక్క దాపుల్లో ఉంటాడు కాబట్టి అప్పుడది కనపడదు. చూడాలంటే ఎండాకాలం రాత్రుల్లోనే చూడాలి. కడప అక్షాంశం 14.5 డిగ్రీలు. ఆ చుక్క కూడా ఖగోళ మధ్యరేఖకు ఇంచుమించు అంతే ఉత్తరాన ఉంది. అందుకే కడప నెత్తి మీదికి అంత సూటిగా వస్తుంది. కర్నూలు నుంచి చూస్తే డిగ్రీకి కాస్త పైగా దక్షిణానికి ఒరుగుతుంది గానీ ఆ తేడా కంటికి పట్టదు.

ఉత్తర ఫల్గుణికి తూర్పున, చాచిన చేతికి ఒక జాన లోపు దూరంలో, కన్యారాశికి చెందిన ఓ మోస్తరు చుక్క ఉంది. ఈ రెండింటికీ నడుమ, సుమారు సగం దూరంలో ఉంది మెస్సియే 87 అనే గెలాక్సీ. ఉత్తి కంటికి అక్కడ ఏమీ కనిపించదు. గండికోట లాంటి చీకటి చోట నాలుగంగుళాల టెలిస్కోపు పెడితే చిన్న మసక మరకలా తెలుస్తుంది. ఆ కాంతి మన దాకా రావడానికి 5.4 కోట్ల ఏళ్లు పట్టింది. దాని నడిమధ్య 650 కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉంది. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా పత్రికల్లో చూసిన నారింజ రంగు వలయం దానిదే. మనుషులు తీసిన తొలి కృష్ణబిలం చిత్రం, కడప నడినెత్తికి రెండు డిగ్రీల దూరంలోంచి వచ్చిందన్నమాట.

కడప నుంచి నిట్టనిలువుగా దక్షిణానికి గీత గీస్తే, 210 కిలోమీటర్ల తర్వాత అది తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు మీదుగా పోతుంది. రెండు ఊళ్లదీ ఒకటే రేఖాంశం, 78.8 డిగ్రీలు. ఏ చుక్కయినా రెండు చోట్లా ఒకే క్షణాన నడిమింటి గీత దాటుతుంది. కావలూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ వారి 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. దాన్ని తలపెట్టిన వైను బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. కొడుకు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో హార్వర్డు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. 1986లో టెలిస్కోపు ప్రారంభమయ్యే నాటికి ఆయన లేడు. ఈ సంస్థలో కూర్చుని ఈ మధ్య చేసిన ఒక పరిశోధన దగ్గరికి చివర్లో వస్తాను. ముందు అసలు సంగతి.

కృష్ణబిలం పేరు చెప్పగానే మింగడమే గుర్తొస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులకు గత పాతికేళ్లుగా దాని మింగుడు కంటే కక్కుడు మీదే ఎక్కువ ఆసక్తి. మింగేది కొంచెం, బయటికి తోసేది బోలెడు. అలా తోసిన వాయువు సెకనుకు వందల, వేల కిలోమీటర్ల వేగంతో గెలాక్సీలోంచి బయటికి పోతుంది. కొత్త నక్షత్రాలు పుట్టాలంటే చల్లటి వాయువు కావాలి. అది పోతే, లేదా చల్లారకుండా ఉండిపోతే, ఆ గెలాక్సీలో ఇక కొత్త నక్షత్రాలు పుట్టవు. ఉన్నవి ముసలివై ఎర్రబారుతూ ఉంటాయి. విశ్వంలోని పెద్ద పెద్ద గెలాక్సీల్లో చాలావాటి పరిస్థితి ఇదే. కంప్యూటర్లలో విశ్వాన్ని మొదటి నుంచీ నడిపించి చూసేవాళ్లు కృష్ణబిలాల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే, తేలే గెలాక్సీలు మరీ లావెక్కిపోతాయి. నిజంగా ఉన్నవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ నక్షత్రాలు పుట్టేస్తాయి.

ఇక్కడే నమ్మశక్యం కానిది ఒకటుంది. కొలతలు చూడండి. పది కోట్ల సూర్యుళ్ల బరువున్న ఒక కృష్ణబిలం తీసుకుందాం. దాని అడ్డకొలత సుమారు 60 కోట్ల కిలోమీటర్లు. అది ఉన్న గెలాక్సీ అడ్డకొలత లక్ష కాంతి సంవత్సరాలు. ఈ గెలాక్సీని కర్నూలు నుంచి కడప దాకా ఉన్న సుమారు 200 కిలోమీటర్ల రోడ్డంత చేసి కుదిస్తే, కృష్ణబిలం ఆళ్లగడ్డ దగ్గర ఎక్కడో పడి ఉన్న సన్న ఇసుక రేణువంత. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాని గురుత్వాకర్షణ చుట్టూ ఉన్న నక్షత్రాలను శాసించేది కూడా ఈ లెక్కన 70 మీటర్ల వరకే. అవతలి చుక్కలకు అదొకటి ఉందన్న సంగతే పట్టదు. మరి అటు కర్నూలు పొలిమేర దాకా, ఇటు కడప పొలిమేర దాకా ఏం జరగాలో ఆ రేణువు ఎలా తేలుస్తుంది?

దానికి జవాబు శక్తి లెక్కలో ఉంది. సూర్యుడిలో హైడ్రోజన్ కలిసి హీలియంగా మారేటప్పుడు ద్రవ్యంలో 0.7 శాతం మాత్రమే శక్తి అవుతుంది. కృష్ణబిలంలోకి పడబోయే వాయువు నేరుగా పడదు. సుడి తిరుగుతూ పళ్లెంలా పరుచుకుని, తనలో తాను రాసుకుని, లక్షల డిగ్రీలకు కాగిపోతుంది. ఈ దారిలో సుమారు 10 శాతం ద్రవ్యం వెలుగుగా మారి బయటికొస్తుంది. గెలాక్సీ నడిబొడ్డున ఉబ్బెత్తుగా ఉండే నక్షత్రాల గుంపు బరువులో కృష్ణబిలం వాటా వెయ్యో వంతు అనుకున్నా సరే, అది పెరిగే క్రమంలో వదిలిన మొత్తం శక్తి ఆ గుంపును గురుత్వాకర్షణ కట్టి ఉంచిన శక్తికి రెండొందల రెట్లు ఉంటుంది. ఇది కాగితం మీద ఎవరైనా వేసుకోగల లెక్క. అందులో ఒకటి రెండు శాతం వాయువుకు అంటినా చాలు, గెలాక్సీ తలరాత మారిపోతుంది. 1998లో జోసెఫ్ సిల్క్, మార్టిన్ రీస్ ఈ మాట గట్టిగా అన్నారు. రెండేళ్లకే రెండు బృందాలు వేరువేరుగా ఒక సంగతి పట్టుకున్నాయి: కృష్ణబిలం బరువుకూ, దాని పట్టుకు అందనంత దూరంలో తిరిగే నక్షత్రాల వేగానికీ చక్కటి పొత్తు ఉంది. ఒకటి పెద్దదైతే రెండోదీ పెద్దదే. ఒకదాన్నొకటి ఎరగని రెండింటి మధ్య ఆ పొత్తు ఊరికే రాదు.

అంటడం ఎలాగంటే, దారులు రెండున్నాయి. మొదటిది వెలుగే. కాంతికి తోసే గుణం ఉంది. మన మీద పడే ఎండ తోపు మనకు తెలియనంత చిన్నదే గానీ, కాగిన పళ్లెం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి ధూళినీ అయాన్లనూ తోసుకుపోగలదు. రెండోది ధార, అంటే జెట్. అయస్కాంత క్షేత్రాలు పేనిన సన్నటి కణాల ధార, ఇంచుమించు కాంతి వేగంతో రెండు వైపులా చిమ్ముతుంది. రేడియో టెలిస్కోపులకు బాగా కనిపించేది ఇదే. మెస్సియే 87 లోని ధారను 1918లోనే హెబర్ కర్టిస్ ఫొటో పలకల మీద చూశాడు. నడుమ నుంచి ఒక తిన్నటి కిరణం బయలుదేరిందని రాసుకున్నాడు గానీ అదేమిటో అప్పట్లో చెప్పగలవాళ్లు లేరు. దాని పొడవు సుమారు 5000 కాంతి సంవత్సరాలు.

అంత దూరాన వాయువు కదులుతోందని, ఫలానా వేగంతో కదులుతోందని ఎలా తెలుస్తుంది? ఈ విద్యకు తెలుగు నేల మీద ఒక ముఖ్యమైన మజిలీ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే మంటల్ని చూశాడు. ఆ వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకోకుండా, విడివిడి గీతలుగా వచ్చింది. అంటే అవి కాగిన వాయువు మేఘాలు, ఎక్కువగా హైడ్రోజన్. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకపోయినా అదే పరికరంతో చూడగలిగాడు. ఆ గ్రహణం చూసినవాళ్లు నమోదు చేసిన గీతల్లో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతల పక్కనే ఉంటుంది గానీ సోడియంది కాదు. భూమ్మీద ఎవరూ ఎరగని మూలకమని తేల్చి హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే దాన్ని భూమ్మీదే పట్టుకున్నాడు.

గుంటూరు గ్రహణానికి నాలుగేళ్ల ముందు, 1864లో, ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ ఒక నీహారిక వైపు వర్ణపటదర్శిని తిప్పితే పచ్చటి గీతలు కనిపించాయి. అవీ తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దీనికీ కొత్త మూలకమని పేరు పెట్టారు, నెబ్యూలియం. హీలియం కథ నెగ్గింది, నెబ్యూలియం కథ వీగిపోయింది. అరవై ఏళ్ల తర్వాత, 1927లో, ఐరా బోవెన్ అది మామూలు ఆక్సిజనే అని తేల్చాడు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. అలాంటి పరమాణువు ఆ పచ్చ వెలుగు విడవాలంటే సగటున అర నిమిషానికి పైగా ఎవరూ కదిలించకుండా ఉండాలి. మన ప్రయోగశాలల్లోని శూన్యంలో సైతం అంతసేపు ఇంకో అణువు తగలకుండా ఉండదు. నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటరుకు వందలో వేలో అణువులు మాత్రమే ఉన్న చోట ఉంటుంది. అందుకే వీటికి నిషిద్ధ రేఖలని పేరు. నిషేధం భూమ్మీదే, ఆకాశంలో అవి దండిగా వెలుగుతాయి.

ఆ పచ్చ గీత తరంగదైర్ఘ్యం 500.7 నానోమీటర్లు. కృష్ణబిలాలు ఊదే గాలిని కొలవడానికి ఎక్కువమంది వాడేది దీన్నే. వాయువు మనవైపు సెకనుకు 1000 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ గీత 1.7 నానోమీటర్లు నీలం వైపు జరుగుతుంది. మామూలు గెలాక్సీ వర్ణపటంలో ఈ గీత నిటారుగా, సన్నగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. గాలి వీస్తున్న గెలాక్సీలో శిఖరం దాని చోటనే ఉంటుంది గానీ, ఎడమ పక్కన, అంటే నీలం వైపు, ఏటవాలుగా ఒక కొంగు జారుతుంది. శిఖరం గెలాక్సీలో ప్రశాంతంగా తిరిగే వాయువుది. కొంగు మనవైపు దూసుకొస్తున్న వాయువుది. అవతలి వైపుకు పోయే వాయువూ ఉండాలి కదా, ఎరుపు వైపు కొంగు ఏదీ అంటే, ఆ వాయువు గెలాక్సీ వెనక ఉండి నడుమనున్న ధూళిలో మరుగవుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. వేల కోట్ల నక్షత్రాల భవిష్యత్తు గురించి మనకున్న సాక్ష్యం చాలావరకు ఒక గీత ఒక పక్కకు ఒరగడమే.

మరీ దూరపు గెలాక్సీలతో ఇంకో చిక్కుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల వాటి కాంతి సాగిపోతుంది. పచ్చ గీత మన దగ్గరికి వచ్చేసరికి పచ్చగా ఉండదు. జీఎస్-10578 అనే గెలాక్సీలో అది నాలుగు రెట్లు సాగి 2000 నానోమీటర్లు దాటింది. అది పరారుణం. జేమ్స్ వెబ్ టెలిస్కోపు లాంటిది కావాల్సి వచ్చింది అందుకే. మహావిస్ఫోటం జరిగి 200 కోట్ల ఏళ్లయినప్పటి గెలాక్సీ అది. బరువు సుమారు 20,000 కోట్ల సూర్యుళ్లంత. అంత చిన్న వయసులోనే కొత్త నక్షత్రాల పుట్టుక ఇంచుమించు ఆగిపోయింది. 2024లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ముందుండి ప్రచురించిన పరిశోధనలో కారణం కనిపించింది. సెకనుకు సుమారు 1000 కిలోమీటర్ల వేగంతో వాయువు బయటికి పోతోంది. ఎక్కువ భాగం వేడి వాయువు కాదు, చల్లటిది. చల్లటిది సొంతంగా వెలగదు కాబట్టి ఇంతకు ముందు దొరకలేదు. వెనకనున్న నక్షత్రాల కాంతిని అడ్డుకోవడం వల్ల పట్టుబడింది. పట్టిచ్చింది సోడియం, గుంటూరు గ్రహణంలోని పసుపు గీతకు పక్కింటి గీతలే. కొత్త నక్షత్రాలు పుట్టడానికి ఖర్చవుతున్న వాయువు కంటే ఇలా పోతున్నదే ఎక్కువ.

అది గెలాక్సీ స్థాయి గాలి. కృష్ణబిలం దగ్గరి నుంచి బయలుదేరేటప్పుడు దాని వేగం ఇంకా చాలా ఎక్కువ. జపాన్ 2023 సెప్టెంబరులో పంపిన క్రిజం ఉపగ్రహంలో ఎక్స్ కిరణాలను కొలిచే ఒక విచిత్రమైన సాధనం ఉంది. పరమశూన్య ఉష్ణోగ్రతకు 0.05 డిగ్రీ పైన మాత్రమే ఉంచి, ఒక్కో ఎక్స్ కిరణం తగిలినప్పుడు ఎంత వేడెక్కిందో చూసి దాని శక్తిని చెబుతుంది. దాని ముందున్న మూత అంతరిక్షంలో తెరుచుకోలేదు. ఎక్కువ శక్తిగల కిరణాలు ఆ మూతలోంచే చొరబడతాయి కాబట్టి పని నడుస్తోంది. దాన్ని పీడీఎస్ 456 అనే క్వాసార్ వైపు, అంటే జోరుగా తింటూ విపరీతంగా వెలిగే కృష్ణబిలం వైపు తిప్పితే, 2025లో వచ్చిన ఫలితం చాలామందిని ఇరకాటంలో పెట్టింది. కాంతి వేగంలో 20 నుంచి 30 శాతం వేగంతో గాలి వస్తోంది. అది ఒకే ప్రవాహం కాదు, కనీసం ఐదు వేరువేరు వేగాల ముద్దలు. గెలాక్సీ స్థాయిలో కనిపించే గాలి మోసే శక్తికి ఇది మోసే శక్తి వెయ్యి రెట్లు మించింది. మధ్యలో ఆ శక్తంతా ఎటు పోయింది? గాలి ఆగి ఆగి వీస్తుందేమో, లేదా గెలాక్సీ వాయువులోని సందుల్లోంచి పెద్దగా తగలకుండానే జారుకుంటుందేమో. కృష్ణబిలం ఊదితే గెలాక్సీ ఊడ్చుకుపోతుందన్న సులువైన బొమ్మ మాత్రం చెల్లదు.

మెస్సియే 87 దారి వేరు. అక్కడ ఊడ్చడానికి చల్లటి వాయువు ఏమంత లేదు. గెలాక్సీ చుట్టూ కోట్ల డిగ్రీల వేడి వాయువు ఆవరించి ఉంది. అది ఎక్స్ కిరణాలు వదులుతూ చల్లారాలి, లోపలికి దిగాలి, నక్షత్రాలు కట్టాలి. ఆ వాయువు అలా చేయడం లేదు. ధారలు ఆ వాయువులోకి చొరబడి, బుడగలు ఊది, కెరటాలు లేపి, వేడి తగ్గకుండా చూస్తున్నాయి. చంద్ర ఎక్స్ కిరణ టెలిస్కోపు చిత్రాల్లో ఈ బుడగలూ, పైకి లేచిన వాయువు చేతులూ విడిగా కనిపిస్తాయి. గాలి పని ఇక్కడ తరిమేయడం కాదు, దిగనివ్వకపోవడం.

మన పాలపుంతలోనూ దీని జాడ ఉంది. 2010లో ఫెర్మి ఉపగ్రహం సమాచారంలో గెలాక్సీ నడుమ నుంచి పైకీ కిందికీ చెరో 25,000 కాంతి సంవత్సరాలు ఎగసిన రెండు గామా కిరణ బుడగలు బయటపడ్డాయి. నడుమనున్న మన కృష్ణబిలం 43 లక్షల సూర్యుళ్ల బరువుతో ఇప్పుడు ఏమీ తిననట్టు ఉంది. కొన్ని పదుల లక్షల ఏళ్ల కింద అది తిన్నదని కొందరు, కాదు అక్కడ నక్షత్రాలు గుంపుగా పుట్టి పేలాయని కొందరు. తగువు తెగలేదు.

తెగకపోవడానికి కారణం కాలం. కృష్ణబిలం ఏకబిగిన తినదు. లక్ష ఏళ్లు తిని, ఆగి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. అది లేపిన గాలి గెలాక్సీ అంచుకు చేరడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. గాలి కనిపించే నాటికి దాన్ని లేపిన మంట ఆరిపోయి ఉండొచ్చు. 2007లో నెదర్లాండ్స్‌కు చెందిన హన్నీ వాన్ ఆర్కెల్ అనే బడి టీచరు, ఇంట్లో కూర్చుని గెలాక్సీల ఫొటోలు వర్గీకరించే గెలాక్సీ జూ అనే ప్రజల పథకంలో, ఒక గెలాక్సీ పక్కన అంతుపట్టని మేఘాన్ని చూసింది. దాని వెలుగంతా ఇంచుమించు హగ్గిన్స్ చూసిన ఆ ఆక్సిజన్ పచ్చ గీతే. దాన్ని వెలిగించేంత క్వాసార్ పక్క గెలాక్సీలో ఇప్పుడు లేదు. లక్ష, రెండు లక్షల ఏళ్ల లోపు ఆరిపోయింది. ఆరకముందు బయలుదేరిన కాంతి ఇప్పుడా మేఘాన్ని చేరి వెలిగిస్తోంది.

ఒక గెలాక్సీలో కారణం ఉండి ఫలితం లేకపోవచ్చు, ఇంకోదాంట్లో ఫలితం మిగిలి కారణం పోయి ఉండవచ్చు. అందుకని ఒక్కొక్కదాన్నీ ప్రశ్నించడం మాని, గుంపుల్ని లెక్కించాలి. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ నుంచి పాయెల్ నంది, సి.ఎస్. స్టాలిన్, పుణె నుంచి డి.జె. సైకియా 2025లో చేసింది ఇదే. చురుకైన కృష్ణబిలాలున్న ఐదు వందలకు పైగా సమీప గెలాక్సీలు తీసుకున్నారు. అమెరికాలోని స్లోన్ సర్వే ఒక్కో గెలాక్సీని ముక్కలు ముక్కలుగా పరిచి తీసిన వర్ణపటాల్లో, ముందు చెప్పిన ఆ కొంగు ఎక్కడెక్కడ జారిందో వెతికారు. రేడియో సర్వేలతో పోల్చి, ధార ఉన్నవాటినీ లేనివాటినీ వేరుచేశారు. రేడియో ప్రసరణ ఉన్న గెలాక్సీల్లో వాయు ప్రవాహాలు, లేనివాటిలో కంటే రెట్టింపుకు మించి కనిపించాయి. అలాగని ధార లేనిచోట గాలి లేకపోలేదు. అక్కడా వీస్తోంది, కృష్ణబిలం వెలుగు పెరిగేకొద్దీ దాని జోరూ పెరుగుతోంది. మొదట తోసేది కాంతి, ధార తోడైతే ఆ తోపు ఇంకా బలం పుంజుకుంటుందని వాళ్ల నిర్ణయం.